బొటనవేలి మీద మచ్చ

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో అచ్చయిన సమాంతర విశ్వాల కథను నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి అందులోని కోర్టు సన్నివేశాల కోసం, మూడోసారి కథానాయకుడి కుడిచేతి బొటనవేలి కోసం చదివాను. ఆ వేలి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగ విరమణ చేసేదాకా ఈ నగరంలోని కోర్టుల్లో తెలుగు సాక్షులకు దుబాసీగా నిలబడినవాణ్ణి కనుక, అమాయకుడికి హత్యానేరం కింద శిక్ష పడే కథ కనబడితే దాన్ని ఊరికే చదివి పక్కన పెట్టలేను.

కథ చూడని పాఠకుల కోసం దాని సారాంశం చెబుతాను. పన్నెండేళ్ల వయసులో తండ్రికి బదిలీ కావడంతో గూడూరు నుంచి చెన్నై వచ్చిన కుర్రవాడు పెద్దవాడై, వడపళనిలో ఒక మేడ మీది గదిలో అద్దెకుంటాడు. ఒక రాత్రి కింది అంతస్తులోని ఇంటి యజమానురాలు హత్యకు గురవుతుంది. వీధి మలుపులోని కెమెరాలో ఇతని ముఖం ఉంది, వారం ముందే కొన్న వంటింటి కత్తి పిడి మీద ఇతని బొటనవేలి ముద్ర ఉంది, ఆమె గోళ్ల కింద ఇతని డీఎన్‌ఏ ఉంది. ఆ రాత్రి తాను తాంబరంలో స్నేహితుడి ఇంట్లో ఉన్నానని అతను మొత్తుకుంటాడు, స్నేహితుడు బోనెక్కి అదే చెబుతాడు, కోర్టు నమ్మదు. యావజ్జీవ శిక్ష పడి పుళల్ జైలుకు పోతాడు. భౌతికశాస్త్రం చదివిన అక్క తొమ్మిదేళ్లు కష్టపడి మరో విశ్వానికి దారి తెరుస్తుంది. తండ్రికి బదిలీ కాని ఆ విశ్వంలో గూడూరులోనే పెరిగి చెడిపోయిన తమ్ముడే ఇటు వచ్చి హత్య చేశాడని కనిపెట్టి, అతణ్ణి చేయి పట్టుకుని లాక్కొస్తుంది. అతను ఇన్‌స్పెక్టరు ఎదుట నేరం ఒప్పుకుంటాడు. ఇతను జైలు గేటు బయట అక్క భుజం మీద తల వాల్చి ఏడుస్తాడు.

నాకు కూడా కన్నీళ్లు వచ్చాయి, ఆ మాట దాచను. రచయిత గారికి కథ నడపడం తెలుసు. జైలు ములాఖత్ గదిలో అద్దానికి ఇటు అక్క, అటు తమ్ముడు కూర్చుని, ఒకరి నీడ మరొకరి ముఖం మీద పడే దృశ్యం చాలాకాలం గుర్తుంటుంది. అయితే ఆ కథలో తమ్ముడు విడుదల కావడానికి మరో విశ్వం అవసరమే లేదు. విడుదలకు కావలసిన ఆధారం మూడో భాగంలోనే ఉంది. రచయిత దాన్ని తన చేత్తోనే రాసి, తానే మరచిపోయారు.

మూడో భాగంలో ఇరవయ్యేళ్ల కథానాయకుడు వాళ్లమ్మకు సాయంగా కత్తిపీట ముందు కూర్చుని పనసకాయ కోస్తూ కుడి బొటనవేలు తెగ్గోసుకుంటాడు. నాలుగు కుట్లు పడతాయి. ‘ఆ గాటు వేలి కొస నుంచి అడ్డంగా దిగి, తెల్లటి గీతలా మిగిలిపోయింది’ అని రచయితే వర్ణించారు. రెండు విశ్వాలు విడిపోయింది పన్నెండో ఏట. కనుక గూడూరులో ఉండిపోయినవాడు ఆ పనసకాయ కోయలేదు, వాడి వేలికి ఆ మచ్చ ఉండదు. కత్తి పిడి మీద వేలు పెట్టింది వాడైతే, ఆ ముద్రలో తెల్లగీత ఉండకూడదు. కత్తి కొని వారమే అయింది కనుక, అది మచ్చ పడకముందు నాటి ముద్ర అని చెప్పడానికీ వీల్లేదు. అంటే కోర్టులో వేలిముద్రల నిపుణుడు ‘పూర్తిగా సరిపోయింది’ అని చెప్పిన ముద్ర పూర్తిగా సరిపోయి ఉండదు. ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి, ‘అయ్యా, మా ముద్దాయి వేలి మీద ఉన్న గాటు ఈ ముద్రలో ఏదీ?’ అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్న అడిగే వకీలు ఉంటే, తొమ్మిదేళ్ల జైలూ లేదు, విశ్వాల మధ్య ద్వారమూ అక్కర్లేదు.

వేలిముద్రల విషయంలో రచయిత ఒకటి సరిగ్గా పట్టుకున్నారని కూడా చెప్పాలి. వేలికొసల మీది గీతలు తల్లి కడుపులో ఉండగానే, గర్భం మూడో నెల నుంచి అయిదో నెల లోపల ఏర్పడి స్థిరపడతాయి. అందుకే ఒకే అండం నుంచి పుట్టి డీఎన్‌ఏ పరీక్షకు ఒక్కలాగే కనబడే కవలలకు కూడా వేలిముద్రలు వేరువేరుగా ఉంటాయి. పన్నెండేళ్లు ఒకే మనిషిగా పెరిగి ఆ తర్వాత విడిపోయిన ఇద్దరు మాత్రం కవలల వంటివారు కాదు. వాళ్ల వేలి గీతలు కూడా ఒక్కటే. వాళ్లను వేరు చేసేది ఆ తర్వాతి బతుకు చేసిన గాయాలే. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన మనిషి పనసకాయను ఎలా మరిచారా అని నాకు ఆశ్చర్యం.

మనకు ఈ చిక్కు కొత్తది కాదు. దమయంతి స్వయంవరంలో ఐదుగురు నలులు ఒకే రూపంతో వరుసగా కూర్చున్నప్పుడు ఆమె మరో లోకానికి పోయి సాక్ష్యం తేలేదు. ఉన్నచోటే నిలబడి చూసింది. నలుగురికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలోని పూలు వాడలేదు, కాళ్లు నేలకు ఆనలేదు. ఐదోవాడి మెడలో పూలు వాడి ఉన్నాయి, ఒంటి మీద దుమ్ము ఉంది, నేల మీద నీడ ఉంది. మనిషిని పట్టిచ్చింది ఆ వాడిన పూలు, ఆ దుమ్మే.

నిపుణుడు ‘సరిపోయింది’ అన్నాక ఎవరూ రెండోసారి చూడకపోవడం కథల్లోనే జరుగుతుందనుకుంటే పొరపాటు. 2004లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలినప్పుడు, డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన ఒక వేలిముద్ర ఒరెగాన్‌లోని ఒక న్యాయవాదిదేనని అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. మొదటి నిపుణుడి నిర్ధారణను తర్వాతి నిపుణులు కూడా బలపరిచారు. రెండు వారాలు ఆయన్ను నిర్బంధంలో ఉంచాక, ఆ ముద్ర అల్జీరియాకు చెందిన మరొక మనిషిదని స్పెయిన్ పోలీసులు చూపించారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు చెల్లించింది. డీఎన్‌ఏ చరిత్రలోనూ ఇటువంటి ముచ్చట ఒకటుంది. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ కనుగొన్న పద్ధతిని 1986లో మొట్టమొదటిసారి ఒక హత్యాకేసు దర్యాప్తులో వాడినప్పుడు, అది ముందుగా చేసిన పని నేరస్థుణ్ణి పట్టించడం కాదు. అప్పటికే పోలీసుల ఎదుట నేరం ఒప్పుకుని ఉన్న పదిహేడేళ్ల కుర్రవాడు ఆ నేరం చేయలేదని తేల్చింది. అసలు నేరస్థుడు దొరికింది ఆ మరుసటి ఏడాది.

ఒప్పుకోలు అన్నాను కనుక కథ ముగింపు గురించి కూడా చెప్పాలి. గూడూరు తమ్ముడు ఇన్‌స్పెక్టరు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో కాగితం విలువ కూడా చేయదు. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా 23వ సెక్షన్‌లో అదే చెబుతోంది. లాఠీ కింద ఎవరైనా ఏమైనా ఒప్పుకుంటారని ఆ చట్టం రాసిన తెల్లదొరలకు కూడా తెలుసు. మేజిస్ట్రేటు ముందు చెప్పించి ఉంటే రచయితకు ఈ ఇబ్బంది వచ్చేది కాదు. ఇది చిన్న లోపం, ఒక వాక్యం మారిస్తే సరిపోతుంది.

పెద్ద లోపం వేరే ఉంది. అదే కొత్త చట్టం 9వ సెక్షన్‌లో, నేరం జరిగినప్పుడు తాను వేరే చోట ఉన్నానని ముద్దాయి చెప్పుకోవడం ఎందుకు సంగతమో వివరించే ఉదాహరణ ఒకటి ఉంది. పాత చట్టంలో నేరం కలకత్తాలో జరిగేది, ముద్దాయి లాహోరులో ఉండేవాడు. కొత్త చట్టంలో నేరం చెన్నైలో జరుగుతుంది, ముద్దాయి లద్దాఖ్‌లో ఉంటాడు. ఊళ్లు మారినా దాని కింద ఉన్న పునాది మారలేదు. ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేడు. ఇది చట్టంలో ఎక్కడా రాసి ఉండదు, రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. రచయిత గారి కథలో కూలిపోయింది సరిగ్గా ఆ పునాదే. విశ్వాల మధ్య దారి ఒకసారి తెరుచుకుందని కోర్టు ఒప్పుకున్న మరుక్షణం, నిజంగా లద్దాఖ్‌లో ఉన్న అమాయకుడు ఎన్ని రైలు టికెట్లు, ఎన్ని ఫొటోలు చూపించినా ‘లద్దాఖ్‌లో ఉన్నది నీవు కాదు, నీ ప్రతిరూపం’ అనవచ్చు. కళ్లెదుట కత్తి దూసిన హంతకుడు కూడా ‘చంపింది నేను కాదు, అటువైపు నుంచి వచ్చినవాడు’ అనవచ్చు. ఆ ద్వారం తెరిచి అక్క తన తమ్ముణ్ణి ఒక్కణ్ణి బయటకు తెచ్చుకుంది. పుళల్లో అతని పక్క గదుల్లో, తాము ఆ రాత్రి ఊళ్లో లేమని ఏళ్లుగా చెప్పుకుంటున్న మిగతావాళ్ల గతి ఏమైందో కథ చెప్పదు. వైజ్ఞానిక కల్పన రాసేవారు ఒక్క అసాధ్యాన్ని లోకంలోకి వదిలితే, ఆ లోకంలో మిగతావన్నీ దానితో పాటు ఎలా కదులుతాయో కూడా చూడాలి కదా. నాకైతే ఆ పక్క గది ఖైదీ కథే చదవాలని ఉంది.

భౌతికశాస్త్రం నా విద్య కాదు, అయినా నాకు తెలిసినంత మేరకు ఆ శాస్త్రం ఈ ద్వారాన్ని ఒప్పుకోదు. అతి సూక్ష్మ కణాల మీద చేసే ప్రతి కొలతలోనూ సాధ్యమైన ఫలితాలన్నీ నిజంగానే జరుగుతాయని, ఒక్కొక్క ఫలితం ఒక్కొక్క శాఖగా సాగిపోతుందని 1957లో ప్రిన్స్‌టన్‌లో హ్యూ ఎవరెట్ అనే యువకుడు తన పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించాడు. పెద్దలు పట్టించుకోలేదు. అతను విశ్వవిద్యాలయాలు వదిలి అమెరికా రక్షణశాఖ కొలువులో చేరిపోయాడు. బ్రైస్ డెవిట్ అనే భౌతికశాస్త్రవేత్త 1970లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాకే లోకానికి తెలిసింది. కథకులందరూ ఆ శాఖలను తీసుకున్నారు కానీ, వాటికి ఉన్న షరతును వదిలేశారు. చుట్టూ ఉన్న గాలితో, వెలుతురుతో ఒక వస్తువు కలిసిపోయిన తర్వాత శాఖలు ఒకదానికొకటి అందవు. 1999లో వియన్నా శాస్త్రవేత్తలు 60 కర్బన పరమాణువులున్న అణువు ఒకటి కంటే ఎక్కువ దారుల్లో ఒకేసారి సాగినట్టు చూపించగలిగారంటే, దాన్ని గాలి తగలని శూన్యంలో పంపబట్టే సాధ్యమైంది. ఊపిరి పీల్చి, చెమట పట్టి, వడపళని ఎండలో నడిచే మనిషి విషయంలో ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. రచయితకు కల్పన చేసే స్వేచ్ఛ లేదనడం లేదు. తెరవలేని తలుపును తెరవకుండానే కథ నడిపి ఉంటే, శాస్త్రమూ నిలిచేది, కథా బిగిసేది అంటున్నాను.

ఆ కథలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది అక్క మొదట్లో తమ్ముడితో చెప్పే ఓదార్పు మాట. ‘ఇంకో లోకంలో నువ్వు బయటే ఉన్నావురా’ అంటుంది. ఈ మాట నేను కోర్టు వరండాలో విన్నాను, వేరే రూపంలో. కొడుక్కి శిక్ష పడిన ఒక తల్లి మెట్ల మీద కూలబడి, ‘వాడు ఏ పాపమూ ఎరగడు’ అని ఏడుస్తుంటే, తోడు వచ్చిన పెద్దావిడ, ‘పోయిన జన్మలో ఎవరిని చంపాడో, ఊరుకో అమ్మా’ అంది. ప్రేమగానే అంది. మన ఇళ్లలో సమాంతర విశ్వం పూర్వజన్మ పేరుతో ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ జరిగిన అన్యాయానికి లెక్క మరెక్కడో సరిపోయిందని చెప్పుకుంటే ఏడుపు ఆగుతుంది. అయితే ఆ తల్లి అప్పీలు కాగితాల కోసం వకీలు దగ్గరికి మళ్లీ వెళ్లిందో లేదో నాకు తెలియదు.

ఈ చెన్నపట్నంలోనే ఒక పాత కేసు ఉంది. 1944 నవంబరులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుణ్ణి వేపేరిలో పొడిచి చంపారు. సినిమావాళ్ల రహస్యాలు అచ్చువేయడం ఆయన వ్యాపారం. ఆ హత్యకు కుట్ర చేశారని తమిళ సినిమాలో ఆనాటి మహానటులు ఎం.కె. త్యాగరాజ భాగవతర్, ఎన్.ఎస్. కృష్ణన్‌లకు 1945లో యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. వారితో పాటు ముద్దాయిగా నిలబడిన దర్శకుడు శ్రీరాములు నాయుడు మాత్రం విచారణలోనే నిర్దోషిగా బయటపడ్డాడు. హైకోర్టు అప్పీలు కొట్టేసింది. లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా పోయి తిరిగి వచ్చాక, 1947 ఏప్రిల్‌లో ఇద్దరినీ విడుదల చేశారు. అసలు హంతకులెవరో నేటికీ తేలలేదు. భాగవతర్ నటించిన ‘హరిదాస్’ 1944 దీపావళికి జార్జ్‌టౌన్‌లోని బ్రాడ్‌వే టాకీసులో విడుదలై, మూడు దీపావళులు చూసింది. ఆ వీధిని ఇప్పుడు మన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరుతో ప్రకాశం సాలై అంటున్నారు. అంటే తెర మీది భాగవతర్ పూటపూటా పాడుతూ జనాన్ని మురిపిస్తున్న రోజుల్లోనే, అసలు భాగవతర్ జైలు గోడల మధ్య ఉన్నాడు. మా నాన్నగారు ఆ సినిమా రెండుసార్లు చూశారట. తెర మీద ఆయన కనబడగానే హాలులో చప్పట్లతో పాటు ఏడుపులు కూడా వినబడేవని చెప్పేవారు.

విడుదలైన తర్వాత ఏమైందన్నది ఇంకా పెద్ద కథ. ఒకే కేసు, ఒకే శిక్ష, ఒకే రోజు విడుదల. కృష్ణన్ మళ్లీ నవ్వించాడు, సినిమాలు తీశాడు, జనం మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. భాగవతర్ చిత్రాలు ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి, 1959లో ఆయన పోయేనాటికి పాత వైభవం లేదు. విశ్వం రెండుగా చీలడం చూడాలనుకునే రచయితకు ఇంతకంటే ఏం కావాలి? మహాభారతంలో మాండవ్య మహర్షి ఆశ్రమంలో దొంగసొత్తు దొరికిందని, ఆయన మౌనంగా ఉన్నాడని రాజు కొర్రు వేయించాడు. తప్పు తెలుసుకుని దింపించేటప్పుడు కొర్రు ఊడి రాలేదు. కోసి దింపితే ముక్క ఒంట్లోనే ఉండిపోయింది, ఆయన ఆణిమాండవ్యుడయ్యాడు. నిర్దోషి అని తీర్పు వచ్చాక మనిషి ఇంటికి వచ్చేటప్పుడు ఆ ముక్కతోనే వస్తాడు. కొందరికి అది కనబడకుండా మానుతుంది, కొందరికి మానదు.

ఇవి పాత సంగతులు అనుకునేవారికి రెండు కొత్తవి గుర్తు చేస్తాను. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ణి, 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు నిర్దోషిగా వదిలిపెట్టి, లక్ష రూపాయలు ఇమ్మంది. నడవడానికే కష్టపడే జబ్బున్న మనిషి ఆ రాత్రి గోడ ఎలా దూకాడన్న ప్రశ్న తెలుగునాట ఇంటింటా వినబడింది. ఆ తల్లిదండ్రులకు కూతురు లేదు, అతనికి యవ్వనం లేదు, హంతకుడు ఎవరో తెలియదు. 2019 మార్చిలో మహారాష్ట్రకు చెందిన ఆరుగురు సంచార జాతి మనుషులను సుప్రీంకోర్టు నిర్దోషులని ప్రకటించింది. అంతకు పదేళ్ల ముందు వాళ్లకు మరణశిక్ష ఖాయం చేసింది కూడా అదే సుప్రీంకోర్టు. పదహారేళ్లు జైల్లో ఉన్నందుకు ఒక్కొక్కరికి అయిదు లక్షలు ఇమ్మంది. తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారం హక్కుగా అందేలా చట్టం తేవాలని, ప్రత్యేక కోర్టులు పెట్టాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో చెప్పింది. మరి చట్టంలో అప్పటికే ఉన్న పరిహారం సంగతి అడిగితే, అకారణంగా అరెస్టు చేయించినవారు చెల్లించవలసిన మొత్తం వెయ్యి రూపాయలు మించరాదని పాత నేర విచారణ స్మృతి 358వ సెక్షన్ పరిమితి పెట్టింది. వెయ్యి రూపాయలు అంకెల్లోనే రాయాలనిపిస్తోంది: 1,000.

ఇన్ని తీర్పులు చదివిన తర్వాత నాకు తోచింది ఇదే. సమాంతర విశ్వాలను నిజంగా విచారించవలసిన చోటు కోర్టు హాలే. ఒకే సాక్ష్యం నుంచి రెండు అభిప్రాయాలకు వీలుంటే, ముద్దాయికి అనుకూలమైనదాన్నే తీసుకోవాలని సుప్రీంకోర్టు 1973లో చెప్పింది. చూసిన సాక్షి లేని కేసులో ఆధారాల గొలుసు లింకు లింకూ కలవాలని, ముద్దాయి నిర్దోషి అయ్యే సహేతుకమైన వీలు ఎక్కడా మిగలకూడదని 1984లో చెప్పింది. అంటే న్యాయమూర్తి చేయవలసిన పని ఈ కాగితాలు, ఈ కత్తి, ఈ కెమెరా ఫొటో అన్నీ ఇలాగే ఉంటూ, ముద్దాయి మాత్రం తాంబరంలో పడుకుని ఉన్న లోకం ఒకటి సాధ్యమా అని వెతకడం. సహేతుకమైన అన్న మాట కీలకం. అక్క తెరిచిన ద్వారం సహేతుకమైన సందేహం కాదు, ఏ జడ్జీ ఒప్పుకోడు. ముద్రలో లేని మచ్చ సహేతుకమైన సందేహం. రచయిత గారు మొదటిదాని కోసం విశ్వాలు దాటి, రెండోదాన్ని వంటింట్లో వదిలేశారు.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో ఈ ఊరు సంపాదించినప్పుడు పక్కన నిలబడిన బేరి తిమ్మప్ప కూడా తెలుగు దుబాసీయే అని చెప్పుకుని మురిసిపోయే జాతి మాది. కానీ దుబాసీ నాలుక మీద ఒక అక్షరం జారితే ఏమవుతుందో నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట, పాత మహాబలిపురం రోడ్డులో కడుతున్న ఒక భవనం దగ్గర జరిగిన హత్య కేసులో, నెల్లూరు వైపు నుంచి కూలికి వచ్చిన ఒక ముసలమ్మ సాక్ష్యం చెప్పింది. ‘రాత్రి పదకొండింటికి వాడు షెడ్డు కాడికొచ్చినాడంట సార్, పెద్దగా అరిచినాడంట’ అంది. నేను ఇంగ్లీషులోకి ‘అతను వచ్చాడు, అరిచాడు’ అని చెప్పాను. టైపిస్టు అదే కొట్టాడు. తమిళంలో రాసుకుని ఉంటే ‘వందానాం’ అని ఆ ‘అంట’ బతికేది, వాళ్లకూ మనలాగే విన్నమాటకు ఒక తోక ఉంది. ఇంగ్లీషులో ఆ తోక తెగిపోయింది. విన్న సంగతిని చూసినవాడే వచ్చి చెప్పాలన్న పాత సాక్ష్య చట్టం 60వ సెక్షన్ నాకు కంఠోపాఠమే. అయినా నోరు జారింది.

సాక్ష్యం పూర్తయ్యాక వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలన్న నియమం పాత నేర విచారణ స్మృతి 278వ సెక్షన్‌లో ఇలాంటి తప్పులు పట్టుకోవడానికే ఉంది. నేనే చదివాను. కాగితం మీదున్న ఇంగ్లీషును తిరిగి తెలుగు చేసి, ‘అతను వచ్చాడు, అరిచాడు అన్నావు, సరేనా అమ్మా?’ అన్నాను. ఆమె తల ఊపింది. ముద్దాయి కూడా తెలుగువాడే, బోనులో నిలబడి అంతా విన్నాడు. అతను ఒకసారి నా వైపు చూశాడు. నేను గోడ గడియారం చూసుకుంటున్నాను, భోజనం వేళయింది.

మధ్యాహ్నం వరండాలో కుళాయి దగ్గర నీళ్లు తాగుతుంటే ఆ ముసలమ్మ వచ్చి, ‘నాయనా, నేను కళ్లారా చూసినట్టు రాయలేదు గదా? నాకు మా కోడలు చెప్పింది’ అంది. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బెంచి క్లర్కుకు చెబితే విసుక్కున్నాడు. ముద్దాయి తరఫు వకీలుకు చెబితే, ఆయన సాక్షిని మళ్లీ పిలిపించాలని అదే స్మృతి 311వ సెక్షన్ కింద పిటిషన్ వేశాడు. ఆమె మళ్లీ వచ్చేసరికి ఎనిమిది వారాలు పట్టింది. ఆ ఎనిమిది వారాలూ ముద్దాయి లోపలే ఉన్నాడు. ‘వచ్చాడు’ పక్కన ‘అని కోడలి వల్ల విన్నాను’ చేరింది. ఆ కోడలి పేరు పోలీసుల సాక్షుల జాబితాలోనే లేదు. తర్వాత వేరే కారణాలు కూడా తోడై అతను విడుదలయ్యాడు. ముసలమ్మకు నీళ్ల కుళాయి దగ్గర ఆ అనుమానం రాకపోయి ఉంటే అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ కొన్ని రాత్రులు లేపుతుంది. ఎవరెట్ లెక్క ప్రకారం, ఆమె దాహం లేక నేరుగా బస్సెక్కి వెళ్లిపోయిన శాఖ కూడా ఎక్కడో ఉంది. ఆ శాఖలో ఉన్న నాకు ఆ తప్పు సంగతి తెలియను కూడా తెలియదు, పింఛను తీసుకుంటూ హాయిగా ఉంటాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి. అరెస్టయిన మనిషిని ‘హంతకుడు చిక్కాడు’ అని మొదటి పుటలో రాయడం, ఏళ్ల తర్వాత అతను నిర్దోషిగా బయటికి వస్తే లోపలి పుటలో నాలుగు పంక్తులు వేయడం మన తెలుగు పత్రికలన్నిటికీ అలవాటైంది. ‘నిందితుడు’ అనే మాట హంతకుడి కంటే పొడుగేమీ కాదు, శీర్షికలో పడుతుంది. విడుదల వార్తను అరెస్టు వార్త వేసిన పుటలోనే వేయడానికి కూడా ఏ చట్టమూ అడ్డు రాదు.

రచయిత గారు నా మాటలకు నొచ్చుకోరని ఆశిస్తున్నాను. నచ్చని కథ గురించి ఇంత పొడుగు ఉత్తరం ఎవరూ రాయరు. ఆయన ఆ కథను పుస్తకంలో చేర్చే ముందు మరోసారి తిరగరాస్తే, ద్వారాన్ని తెరవని పద్ధతిలో ఒకసారి ప్రయత్నించమని కోరుతున్నాను. తొమ్మిదేళ్లు ప్రయోగశాలలో గడిపిన అక్క ఒక రాత్రి అలసిపోయి, కోర్టు నకళ్ల కట్ట విప్పి, వేలిముద్ర ఫొటోను దీపం కింద పెట్టుకుని చూస్తే చాలు. మీ అనుబంధం ముద్రించిన ప్రకారం ఆ వేలు మూడో భాగంలో, రెండో కాలమ్ చివర, పనసకాయ జిగురు వదలడానికి వాళ్లమ్మ కొబ్బరినూనె తెచ్చే చోట ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత కోర్టు దుబాసీ,
పెరంబూరు, చెన్నై.